పొగమంచులో సగం

టీవీలో కనిపించడానికి కొందరు పాటలు పాడతారు, కొందరు వంటలు చేస్తారు. నేను మా పెద్దమ్మ చేలో నిప్పు పెట్టాను. అదీ ఎప్పుడు? చేలో నిప్పు పెట్టొద్దని అందరికీ చెప్పే మా పెద్దమ్మ మీద డాక్యుమెంటరీ తీస్తుండగా, కెమెరా నడుస్తుండగా, ఆవిడ మాట వినడానికి పక్క ఊరి రైతులు వచ్చి కూర్చున్న వేళ! ఇంతకంటే ఘనకార్యం చేసినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి, నా మనసు కాస్త కుదుటపడుతుంది.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. మార్టూరులో గ్రానైటు పాలిషు పట్టే యూనిట్లో సూపర్‌వైజరుని. రోజంతా రాళ్ల మధ్య తిరిగి తిరిగి నా బుర్ర కూడా ఆ బాపతే అయిపోయిందని మా నాన్న గట్టి నమ్మకం. ఈ కథ విన్నాక మీరూ ఆయన పక్షమే చేరతారు.

కోటమ్మ పెద్దమ్మ మా నాన్నకి వదినగారు. మూడెకరాల్లో పత్తి, రెండెకరాల్లో మిర్చి వేస్తుంది. పత్తి తీతలు అయిపోయాక మా వైపు ఎండిన పత్తికట్టె పీకి, కుప్పేసి, అంటించడం అలవాటు. పెద్దమ్మకి అది గిట్టదు. "అరికాలు కాలితే ఊరంతా వినపడేట్టు అరుస్తామే, నేల కాలితే దానికి నొప్పుండదా?" అనేది. ఎవరైనా అంటించబోతున్నారని తెలిస్తే చాలు, పరుగున వెళ్లి ఆ కుప్ప ఎక్కి కూర్చునేది. "పెట్టండి, నాతో కలిపి పెట్టండి!" అనేది. ఎవరు పెడతారు? గొణుక్కుంటూ వెళ్లిపోయేవాళ్లు. నాలుగేళ్లు అలా కూర్చుని కూర్చుని మా ఊళ్లో నిప్పు మాన్పించింది. ఇప్పుడు కట్టెను యంత్రంతో ముక్కలు చేయించి నేలలోనే కలిపేస్తున్నారు. పక్క ఊరివాళ్లు మాత్రం రెండేళ్లుగా ఆవిడకి టీ ఇచ్చి, అన్నింటికీ తలూపి, ఆవిడ వెనుదిరగ్గానే అంటిస్తున్నారు.

ఇంతలో హైదరాబాదు నుంచి టీవీ వాళ్లు వచ్చారు. పర్యావరణాన్ని కాపాడుతున్న మామూలు మనుషుల మీద తీస్తున్నారట. డైరెక్టరు ఒక మేడమ్, ఆవిడతో ఒక కెమెరామన్. పెద్దమ్మ పట్టుబట్టి ఆ రోజే పక్క ఊరి రైతుల్ని పిలిపించింది.

"నా ఒక్కదాని మాటైతే వినట్లేదురా. టీవీ వాళ్ల ముందైనా వింటారేమో. ఈసారీ వినకపోతే ఇంక నావల్ల కాదు" అంది నాతో. ఆ గొంతులో అంత ఆశ నేనెప్పుడూ వినలేదు.

నేను సెలవు పెట్టి, కొత్త చొక్కా వేసుకుని, సాయం చేసే మిషతో చేలోకి వెళ్లాను. అసలు ఉద్దేశం మీకు అర్థమయ్యే ఉంటుంది. కెమెరా ఎటు తిరిగితే అటు నిలబడ్డాను.

"మీరు కాస్త పక్కకి వస్తారా అండీ?" అంది మేడమ్.

"ఇక్కడా మేడమ్?"

"ఇంకొంచెం."

"ఇక్కడా?"

"మీరు అసలు కనపడకూడదండీ."

పక్కకి జరిగి జరిగి చేను చివరికి చేరాను. ఇంకో నాలుగడుగులు వేస్తే వినుకొండ బస్సు ఎక్కేసేవాణ్ణి.

అప్పుడు మేడమ్ ఒక నిట్టూర్పు విడిచింది. "అయ్యో, ఇంకాస్త పొద్దున్నే రావాల్సింది. వెనకాల పొగమంచు, ముందు అమ్మ... ఎంత బావుండేది షాట్!"

ఆ మాట నా చెవిన పడింది. పడకపోతే బాగుండేది. పొగమంచులో మంచు నా చేతిలో లేదు. కానీ పొగ ఉంది కదా! సగం నేను సర్దితే మిగతా సగం కెమెరా చూసుకుంటుంది. మేడమ్ సంతోషిస్తుంది, "ఈ అబ్బాయెవరు?" అని అడుగుతుంది, నన్ను ఫ్రేములోకి పిలుస్తుంది.

నా పక్కనే పత్తికట్టె కుప్ప ఉంది, యంత్రం వచ్చేదాకా ఆపి ఉంచారు. "నీకు తెలియదా నాయనా, ఆ చేలో నిప్పు కూడదని?" అని మీరు అడగొచ్చు. తెలుసండీ. కాకపోతే కాస్త పొగ నిప్పు కింద లెక్క కాదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. నాకు తెలియనిది ఒక్కటే. బూజు పట్టి అమ్మకానికి పనికిరాని తాలు మిరపకాయలు మూడు బస్తాలు, ఎరువులో కలపడానికని పెద్దమ్మ ముందురోజే తెచ్చి ఆ కుప్ప అడుగున పోసింది.

అగ్గిపుల్ల గీశాను. సన్నగా, తెల్లగా, ముచ్చటగా పొగ లేచింది.

"మేడమ్! మిస్ట్!" అన్నాడు కెమెరామన్.

"సూపర్! ఆపకు, తియ్యి!" అంది మేడమ్.

నేను చొక్కా సర్దుకున్నాను. నా జీవితంలో అంత గొప్పగా గడిచిన అరనిమిషం మరొకటి లేదు.

తర్వాత మంట అడుగుకి దిగింది. ఇంట్లో పోపులో ఒక్క ఎండుమిరపకాయ మాడితేనే వీధిలోవాళ్లు తుమ్ముతారు. ఇక్కడ మూడు బస్తాలు! కెమెరామన్ దగ్గుతూ కూలబడ్డాడు, కెమెరా మాత్రం స్టాండు మీద నడుస్తూనే ఉంది. మేడమ్ కళ్లు మూసుకుని "కట్! కట్!" అని ఎవరూ లేని వైపు తిరిగి అరుస్తోంది. రైతులు కండువాలు ముక్కులకి అడ్డం పెట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే పెద్దమ్మ వాళ్లతో, "మా ఊళ్లో నిప్పనే మాటే లేదండీ" అంటోంది.

"కోటమ్మగారూ, ఆ కాలేది మీ చేనే గదా?" అన్నాడు వాళ్లలో పెద్దాయన, దగ్గుల మధ్య.

పెద్దమ్మ వెనక్కి తిరిగి చూసింది. కొంగు బిగించి కుప్ప వైపు పరిగెత్తింది. నాలుగేళ్ల అలవాటు కదా, ఏం చేయబోతోందో నాకు అర్థమైపోయింది. కాలుతున్న కుప్ప ఎక్కబోతోంది!

"పెద్దమ్మా, వద్దు!" అని అడ్డంపడి రెండు చేతులా పట్టుకున్నాను.

"వదలరా! ఎవడ్రా పెట్టింది?"

"నేనే పెద్దమ్మా."

"నువ్వా! ఎందుకురా?"

"మంచు కోసం..."

"ఏందీ?"

సమాధానం చెప్పడానికి నా దగ్గర గొంతు లేదు, దగ్గు ఉంది. ఆవిడ నన్ను విదిలించుకుని, గట్టు మీదున్న జీవామృతం డ్రమ్ములో బకెట్టు ముంచింది. పేడ, ఆవుమూత్రం, బెల్లం కలిపి వారం రోజులు మాగిన సరుకు. రెండు బకెట్లు కుప్ప మీద పోసింది. మూడోది నా మీద పోసింది. మంట తగ్గేదాకా ఇద్దరం కలిసి తోడి పోశాం.

అంతా ఆరాక చూస్తే రైతులు కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోతున్నారు. పెద్దమ్మ గట్టు మీద కూర్చుండిపోయింది.

"రెండేళ్లురా" అంది. అంతే.

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. మిరపపొగ వల్ల కాదు. తిట్టి ఉంటే హాయిగా ఉండేది. ఆవిడ తిట్టలేదు సరికదా, ఆ తర్వాత నెలన్నర పాటు నాతో మాట్లాడలేదు. నేను గుమ్మంలోకి వస్తే వంటింట్లోకి వెళ్లిపోయేది.

డాక్యుమెంటరీ వేసిన రోజున చుట్టాలందరూ పెద్దమ్మ ఇంట్లో చేరారు. నేను తలుపు చాటున నిలబడ్డాను. పెద్దమ్మ కనిపించింది, మాట్లాడింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత తెరనిండా పొగ. పొగలోంచి నెత్తిన పేడనీళ్లు కారుతూ, చొక్కా జేబులో అగ్గిపెట్టెతో, నోరు తెరిచి ఒక ఆకారం బయటికొచ్చింది. కింద అక్షరాలు పడ్డాయి: "గుర్తు తెలియని వ్యక్తి."

"చూస్తే మనవాడిలాగే ఉన్నాడే!" అన్నాడు మా నాన్న.

భూమి చీలితే అందులోకి దూరిపోదామనుకుంటుండగా పక్క ఊరి పెద్దాయన తెర మీదికొచ్చాడు. నేను నిప్పు పెట్టిన మర్నాడు టీవీ వాళ్లు ఆ ఊరు వెళ్లారన్న సంగతి మాకెవరికీ తెలియదు. ఆయన కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"కోటమ్మగారు రెండేళ్లు చెప్పినా మా బుర్రకెక్కలేదండీ. ఆ కుర్రాణ్ణి చూశాక ఎక్కింది. తగలబెట్టేటప్పుడు మేమూ ఇట్టాగే ఉంటామా అని సిగ్గేసింది. ఈ ఏడు ఊరు మొత్తం మీద ఒక్కరం కూడా అంటించం!"

పెద్దమ్మ తలుపు వైపు తిరిగింది. నెలన్నర తర్వాత మొదటిసారి నా మొహం చూసింది. పొట్ట పట్టుకుని నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"ఇట్రారా, గుర్తు తెలియని వ్యక్తీ!" అంది. "అన్నం తిందువుగాని."

కాబట్టి భూమాత సాక్షిగా, నా తల మీంచి మూడు రోజులు పోని ఆ జీవామృతం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ చేలోనూ అగ్గిపుల్ల గీయను. ఎవరికైనా పొగమంచు కావాలంటే, మర్నాడు పెందలాడే లేచి రమ్మంటాను.