కారు ముందు హారతి

నా చిన్నప్పుడు నాకూ మా మామయ్యకూ ఒకటే పిచ్చి, మోటారు కార్లు. మా దీవిలో, నువెల్ ఫ్రాన్స్ ఊరి రోడ్డు మీద ఎక్కడో హారన్ మోగితే చాలు, చేతిలో పని వదిలేసి పరిగెత్తేవాళ్లం. తెల్లదొరలు కార్ల పందెం పెట్టారంటే, చద్దన్నం మూట కట్టుకుని ఎంత దూరమైనా నడిచి వెళ్లేవాళ్లం. ఆడపిల్లకు కార్లేమిటని అమ్మ సణిగేది. వినేదెవరు?

మామయ్య చెరకు కొట్టే కూలీ. ఒక ఏడు సెయింట్ పియర్ దగ్గర జరిగే పందేనికి మా చెరకు తోట దొర అతన్ని తన పక్కన కూర్చోమన్నాడు. దొర కారు నడుపుతుంటే పక్కమనిషి ఇంజనుకు నూనె పంపు కొడుతూ ఉండాలి. ఆ రోజు పని నచ్చితే తన కారు షెడ్డులోనే పనికి పెట్టుకుంటానని, ఇక కత్తి పట్టనక్కర్లేదని మాట కూడా ఇచ్చాడు. ఇంట్లో అందరికీ అదే ముచ్చట.

అమ్మమ్మ కూడా బయలుదేరింది. కొడుకు అంతమంది కళ్లలో పడతాడు కదా, దిష్టి తీయకుండా ఎలా? పెళ్లికొడుక్కైనా, కొత్త ఎడ్లబండికైనా మా ఇంట్లో ఆవిడ హారతి ఇవ్వాల్సిందే. పళ్లెం నా చేతికిచ్చింది. కార్ల గురించి అన్నీ తెలుసని విర్రవీగే నాకు కూడా అందులో తప్పేమీ తట్టలేదు.

గుంపును తోసుకుని మేము కారు ముందుకు చేరేసరికి ఒకతను డబ్బాతో పెట్రోలు పోస్తున్నాడు. అమ్మమ్మ కర్పూరం వెలిగించింది. ఎవరో కేక పెట్టారు. డబ్బా పట్టుకున్నతను ఎగిరి గంతేశాడు, దొరసానులు గౌన్లు ఎత్తి పట్టుకుని పరిగెత్తారు. ఇంకొకతను గుప్పెళ్లతో మట్టి తీసి మా పళ్లెంలో కుమ్మరించాడు. మంట ఆరింది. ఎవరికీ ఏమీ కాలేదని తెలిశాక జనం నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. మట్టి నిండిన పళ్లెం పట్టుకుని, తల ఎత్తలేక, అక్కడికక్కడే మాయమైపోతే బాగుండుననుకున్నాను.

“ఎవరీ పిచ్చివాళ్లు?” అన్నాడు దొర, మొహం ఎర్రగా చేసుకుని.

మామయ్య అప్పటికే సీటులో ఉన్నాడు. మేము అతని మనుషులమని అక్కడెవరికీ తెలియదు. నోరు మూసుకుని కూర్చుంటే సరిపోయేది. అమ్మమ్మ కూడా కొంగు చాటునుంచి తల అడ్డంగా ఊపింది, చెప్పొద్దని.

మామయ్య దిగాడు. టోపీ తీసి, “మా అమ్మ, మిస్యే, దొరగారూ. ఆ పిల్ల నా మేనకోడలు. నా మంచి కోరే వచ్చారు,” అని దొరకు అక్కడి భాష క్రెయోల్‌లో చెప్పాడు. తరువాత అంతమందీ చూస్తుండగా అమ్మమ్మ ముందు తల వంచి నిలబడ్డాడు. పళ్లెంలో కుంకుమ మట్టితో కలిసిపోయింది. ఆవిడ వేలితో దాన్నే తీసి అతని నుదుట పెట్టింది. తిరిగి చూసేసరికి సీటులో వేరే మనిషి ఉన్నాడు. మా కళ్ల ముందే కారు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది.

దారి పొడవునా అమ్మమ్మ ఏడుస్తూనే నడిచింది.

“నీ నోటి దగ్గరి కూడు నేలపాలు చేశాను నాయనా.”

“పోనీలే అమ్మా. నువ్వెవరో తెలియదని అక్కడ కూర్చుంటే, సాయంత్రం ఏ మొహం పెట్టుకుని ఇంటికొచ్చేవాణ్ని?” అన్నాడు మామయ్య. మర్నాడు మామూలుగానే చెరకు కొట్టడానికి వెళ్లాడు.

నాకిప్పుడు ఎనభై దాటాయి. నా వాళ్లెవరైనా నలుగురిలో నవ్వులపాలైతే, నాకు ముందు సిగ్గే వస్తుంది. ఎంత వయసొచ్చినా ఆ గుణం పోలేదు. ఆ సిగ్గుతోనే వెళ్లి వాళ్ల పక్కన నిలబడతాను.