ఆయిల్ కూలర్‌కు కట్టిన బంతిదండ

వనపర్తిలో మా చెల్లెలి కొడుకు నడిపే షెడ్డుకు మొన్న పోయేసరికి, వాడు పాతకాలపు రెండు సీట్ల ఎర్ర కారొకటి పెట్టుకొని, దాని రేడియేటర్ ముందర ఆయిల్ కూలర్ బిగిస్తున్నాడు. గొట్టాల మరలు సరిగ్గా పడ్డాయో లేదోనని నేను వంగి చెయ్యి పెట్టానో లేదో, గోడమీది కెమెరా మాట్లాడింది. "ఆ పెద్దాయన ఎవరు? నా బండిల చెయ్యెందుకు పెడుతుండు?" కారు యజమాని హైదరాబాదులో కూర్చొని ఫోనులో మమ్మల్ని కాపలా కాస్తున్నాడట. మేనల్లుడు నవ్వి ఊరుకున్నాడు గాని, నాకు ఒళ్లు మండింది. ఆ కారు యజమాని పుట్టకముందే ఈ పని చేసినవాణ్ని నేను, చేసి దొంగ అనిపించుకున్నవాణ్ని కూడా.

అప్పట్లో గద్వాలలో నా షెడ్డు ఉండేది. పత్తి మిల్లు సావుకారు ముచ్చటపడి బొంబాయి నుంచి ఇలాంటి కారే తెప్పించుకున్నాడు గాని, అది మన ఎండలకు పుట్టిన బండి కాదు. రాయచూరు దాకా పరుగెత్తిస్తే ఇంజన్ ఆయిల్ నీళ్లలా పలచబడి, ఆయిల్ ప్రెషర్ చూపే ముల్లు పడిపోయేది. బడి మొగం అంతగా చూడకపోయినా, అట్ట ఊడిన ఒక ఇంగ్లీషు పుస్తకంలోని బొమ్మలు చూసి నేర్చుకున్నవాణ్ని కనుక, కారు ముందుభాగంలో గాలి తగిలేచోట చిన్న జాలీలాంటి కూలర్ పెట్టి, ఆయిల్‌ను రెండు గొట్టాలతో అక్కడికి పంపి, చల్లారాక వెనక్కి తెచ్చుకోవచ్చని చెప్పాను. సావుకారు సరేనన్నాడు.

ఆయన బావమరిదికి మాత్రం నమ్మకం కుదరలేదు. ఇంజన్‌లో ఉండాల్సిన ఆయిల్ బయట తిరగడమేమిటని, పని సాగినన్నాళ్లూ ఎదురుగా స్టూలు వేసుకొని, నేను తెప్పించిన చాయే తాగుతూ కూర్చున్నాడు. సామానేదైనా దాచానేమోనని, "మేస్త్రీ, ఆ చెయ్యి జర తెరువు" అనేవాడు. తెరిచి చూపేవాణ్ని. కర్నూలులో తనవాడెవడికో ఈ పని ఇప్పించాలని చూస్తున్నాడని నా అనుమానం. అది ఇప్పటికీ పోలేదు.

పని ముగిశాక ఊరి బయట నడిపి చూస్తే ముల్లు కదలలేదు. దసరానాడు సావుకారు తల్లి స్వయంగా లావుపాటి బంతిదండ గుచ్చి కారు మూతికి కట్టించింది. కొబ్బరికాయ కొట్టి, బావా బావమరుదులు రాయచూరు బయలుదేరారు. ధరూరు దాటారో లేదో ముల్లు పడిపోయింది. కబురందుకొని నేను పోయేసరికి జనం గుమిగూడి ఉన్నారు.

"నే ముందే జెప్పలే బావా? అసలు ఆయిల్ పంపు గుంజుకొని నకిలీది పెట్టిండు వీడు!"

సావుకారు నా మొగం చూడలేదు. మిల్లు లారీలన్నీ నా షెడ్డుకే వచ్చేవి. ఆ మాట నిలబడితే లారీల సంగతి అటుంచి, గద్వాలలో సైకిలు పంక్చరుకైనా నా గడప తొక్కేవాళ్లు ఉండరు.

వంగి చూశాను. బంతిరేకులు రాలి, గాలి ఒత్తిడికి కూలర్ జాలీ నిండా మెత్తినట్టు కూరుకుపోయి ఉన్నాయి. దాని ముందర మిగిలిన దండ ఒకటి. ఇక గాలి ఏ దారిన పోవాలి? పండగపూట పెద్దావిడ కట్టిన దండదే తప్పని నలుగురిలో ఏ నోటితో చెప్పను? రెండు చేతులా దండ విప్పి కళ్లకద్దుకొని, "అవ్వ కట్టిన దండ సావుకారీ, గీ దుమ్ములెందుకు? ఒళ్లో పెట్టుకోండ్రి" అని అందించాను. రేకులన్నీ దులిపి, ఇంజన్ చల్లారాక, రాయచూరు దాకా వాళ్ల వెనకే మోటారు సైకిలు మీద పోయాను. ముల్లు నిలిచింది. సావుకారుకు అర్థమైంది, లారీలు ఎప్పటిలాగే నా షెడ్డుకు వచ్చాయి.

బావమరిది మాత్రం, "మనం దండ చూస్తుండంగ అసలు పంపు మల్ల లోపల పెట్టేసిండు బావా, నిమిషంల పని వీనికి!" అన్నాడు. చచ్చేదాకా ఆ మాటే అన్నాడు, అదీ నా షెడ్డులో నా చాయ తాగుతూ.

నిన్న ఎర్ర కారు అప్పగించే రోజని మళ్లీ పోయాను. మేనల్లుడు పూజ చేసి, సరిగ్గా కూలర్‌కు అడ్డంగా బంతిదండ కట్టి లోపలికి పోయాడు. నేను విప్పుతుంటే గోడమీంచి వినబడింది. "ఓ పెద్దాయనా, ఏం తీస్తున్నవ్ అక్కడ?" దండ బానెట్ మీద పెట్టి, పాత అలవాటుగా రెండు చేతులూ తెరిచి చూపించాను.

అనుమానం ఆనాడూ ఉంది. కాకపోతే అది ఎదురుగా స్టూలు వేసుకొని కూర్చునేది, చక్కెర తక్కువైందని తిట్టేది, లేచి పోయేటప్పుడు రేపొస్తానని చెప్పి పోయేది. గోడమీది ఈ కన్నుకు నేను చాయ ఎట్లా పోసేది?