అమ్మ విడిచిన చీర

మా బిడ్డ గట్టు దగ్గరి ఊళ్లో అంగన్‌వాడీ టీచర్ అయింది! సంతోషం పట్టలేక నిన్న చూడబోయాను. తల్లి కూలికి పోయిందని అక్కడ ఒక ఏడాది పాప ఒకటే ఏడుపు. ఉతికిన చీరతో కట్టిన ఉయ్యాలలో నిలవడం లేదు.

"గిట్లనే ఏడిస్తే రేపటి సంది తల్లి పంపియ్యదు నాయినా" అని బిడ్డ పరేషాన్ అయింది.

నాకు మా చెల్లె ఉయ్యాల గుర్తొచ్చింది. అమ్మ కలుపుకు పోతే, నాయినమ్మ అమ్మ విడిచిన చీరతోనే ఉయ్యాల కట్టేది. చెమట, పొయ్యి పొగ కలిసిన వాసన. మీ ఇళ్లల్లోనూ అంతే కదా, దోస్తులారా?

"ఉతికింది గాదు బిడ్డా, తల్లి విడిచిన చీర తెప్పియ్యి" అన్నాను.

ఆయా పోయి పాప ఇంటి నుంచి తెచ్చింది. ఆ చీరలో పడుకోబెట్టగానే పాప కళ్లు మూసింది.

"గిది యాడ నేర్చినవ్ నాయినా?" అని బిడ్డ నవ్వింది.

చెల్లె ఉయ్యాల ఊపడానికే నేను మూడో తరగతిలో బడి మానేశాను. ఆ ఉయ్యాల చదువు నిన్న నా బిడ్డకు పనికొచ్చింది!