కీలో లేని టమాటాలు

పాతబస్తీలో డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెప్పడం నా ఉద్యోగం. చెప్పడం అని మాటవరసకు అంటున్నాను. పిల్లలు గైడు తెరిచి, "సార్, ఇంపార్టెంట్‌వి టిక్కు పెట్టండి" అంటారు. నేను పెడతాను. పిల్లలకు బద్ధకం, అందుకే బట్టీ పడుతున్నారు అనే పెద్దమనుషులను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లొకసారి పేపర్లు దిద్దే క్యాంపుకు వచ్చి కూర్చోవాలి.

ఒక అమ్మాయి మాత్రం గైడు ముట్టలేదు. వాళ్ల నాన్న మాదన్నపేట మార్కెట్లో బండి మీద కూరగాయలు అమ్ముతాడు. సప్లై పాఠం చెబుతుంటే ఒకరోజు లేచి నిలబడింది.

"సార్, పొద్దుగూకినంక టమాట ఉంచుకుంటే కుళ్లిపోతది. గందుకే మా బాపు ఎంతకడిగితే గంతకే ఇచ్చేస్తడు. గిదేనా మీరు చెప్పేది?"

అదే తల్లీ, అన్నాను. ఆ రోజంతా నాకు హుషారుగా ఉంది.

పరీక్షల తర్వాత క్యాంపులో నా పక్కనున్న లెక్చరర్ ఒక పేపరు చూపించి నవ్వాడు. "చూడన్నా, సప్లై గురించి అడిగితే ఎవరో టమాట కథ రాసిన్రు." పేపరు మీద పేరుండదు. నాకు పేరెందుకు? బండి, సాయంత్రం, కుళ్లు, పడిపోయిన ధర, అన్నీ ఉన్నాయి. పేపరంతా అదే తీరు. మార్కులు వేయమన్నాను.

"నిర్వచనం లేదు, హెడింగులు లేవు. మనకిచ్చిన ఆన్సర్ కీల టమాట ఏడుందన్నా?"

పోట్లాడి పేపరును చీఫ్ ఎగ్జామినర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బల్ల మీద ఇంకా విప్పని కట్టలున్నాయి. పేపరు చదవనే లేదు. "కీ ప్రకారం పోండి సార్, ఎందుకీ లొల్లి?" అన్నాడు. అమ్మాయి తప్పింది.

వాళ్ల నాన్న కాలేజీకి వచ్చాడు. "ఇంకొక్కసారి చూస్త సార్. మల్ల తప్పితే చదువు బంద్, బండికాడ కూసుంటది." వెనకాల ఆమె కొత్త గైడు పట్టుకుని నిలబడింది. "టిక్కు పెట్టండి సార్" అంది. పెట్టాను. ఏం చేయమంటారు? మళ్లీ రాసిన పరీక్షలో మంచి మార్కులతో పాసైంది. క్లాసులో మాత్రం మళ్లీ నోరు విప్పలేదు.

మొన్న చీకటి పడే వేళ మార్కెట్‌కు వెళ్లాను. ఆమె బండి పక్కన స్టూలు మీద కూర్చుని, కళ్లు మూసుకుని గైడు వల్లిస్తోంది. వాళ్ల నాన్న టమాటాలు అయినకాడికి ఇచ్చేస్తున్నాడు. ఉండబట్టలేక అడిగాను.

"పొద్దుటి ధర ఇప్పుడెందుకు లేదమ్మా?"

ఆమె ఉలిక్కిపడి లేచింది. గబగబా పేజీలు తిప్పింది. భయంగా నా మొహం చూసింది.

"ఇది ఏ యూనిట్ల వస్తది సార్? మీరు టిక్కు పెట్టలే."