కరెంటు పోతే పట్టుకునే బ్రేకు చూడడానికి నరసాపురం దాకా

కోలారు బంగారు గని మూతపడిన కొత్తలో, మాలూరులో ఇటుకల బట్టీ నడిపే నా వియ్యంకుడు నలుగురి ముందు ఒక మాట అన్నాడు. కేజీఎఫ్ వాళ్లకు ఒకరి కింద పని చేయడమే వచ్చు, సొంతంగా షెడ్డు పెట్టే తెలివి లేదన్నాడు. విస్తరి ముందున్నాను కాబట్టి ఊరుకున్నాను. ఆ మాట ఇన్నేళ్లూ గొంతులో ముల్లులా ఉంది. నేను వైండింగ్ ఇంజను ఫిట్టర్‌ని. మనుషుల్ని భూమిలోకి దించి, మళ్లీ ప్రాణాలతో పైకి తెచ్చే యంత్రం అది. దాన్ని నడిపిన చేతులకు తెలివి లేదా? మొన్న తెలిసింది, నా జతగాడు, కాలం చేసిన మునిస్వామి కూతురు సరోజ కోలారు అవతల నరసాపురం దగ్గర బోర్లలో ఇరుక్కున్న మోటార్లు లాగే షెడ్డు నడుపుతోందని. మా ఊరు మారికుప్పంలో కూడా ఒకటి పెట్టమని అడగడానికి బయలుదేరాను. తెల్లవారుజామున మా ఊరి రైలు నిండా బెంగళూరు పనులకు పోయే పిల్లలే. కొందరైనా ఊళ్లో నిలవాలని నా పట్టుదల.

బండి మారికుప్పంలోనే పుడుతుంది. ముందుగా వెళ్తే కిటికీ పక్క సీటు మీదే. ఊరిగాం దాటాక నిలబడడానికీ చోటుండదు. టికెట్టు ఒక టీ ఖర్చు. బంగారుపేటలో దిగి కోలారు బస్సు ఎక్కాలి, ముప్పావు గంట. కోలారులో ఇడ్లీ తిని బెంగళూరు రోడ్డు మీద నిలబడ్డాను. తెల్లటి కంపెనీ బస్సు ఒకటి సిగ్నల్ దగ్గర ఆగితే ఎక్కి కూర్చున్నాను.

"ఏ కంపెనీ తాతా నీది?" అన్నాడు డ్రైవరు.

"గని కంపెనీ."

"అది మూసి ఎన్నేండ్లాయె! ఇది బండ్లు చేసే ఫ్యాక్టరీ బస్సు. పాసు లేకుండా ఎక్కినావే?"

"కంపెనీ బస్సంటే అందరిదీ కాదా అప్పా?"

బస్సంతా నవ్వింది. వాళ్లకేం తెలుసు? మా ఊళ్లో ఇల్లు, లైటు, నీళ్లు, ఆసుపత్రి, బస్సు అన్నీ కంపెనీవే. కంపెనీ అంటే మేమే అనుకుని పెరిగినవాళ్లం.

"కూర్చో తాతా, ఇంగ దింపేదెట్ల? ఎవురన్నా అడిగితే ఫోర్‌మన్ అని చెప్తా."

"ఫిట్టర్ అని చెప్పు. ఫోర్‌మన్ అంటే నాకు నామోషీ."

నన్ను నరసాపురంలో సరోజ షెడ్డు ముందే దించాడు. ఆ డ్రైవరు చల్లగా ఉండాలి.

సరోజ అప్పుడే ట్రాక్టరు స్టార్టు చేస్తోంది. "ఎక్కు పెదనాయనా, మాటలు తోట కాడ" అంది. రెండు మైళ్లలో నారాయణప్ప మల్బరీ తోట. ఆయన బోరులో మోటారు ఇరుక్కుని తోట ఎండుతోంది. ఇంట్లో పట్టుపురుగులు నాలుగో జ్వరం, అంటే నాలుగో కుబుసం, విడిచి లేచి ఆకలి మీద ఉన్నాయి. ట్రాలీ మీద ఇనుపతాడు చుట్టిన డ్రమ్ము. డీజిలు భారం కాకుండా రైతు కరెంటుతోనే తిప్పుతుంది. తాడు బిగిసింది, పైపులు ఒక్కొక్కటే పైకి వస్తున్నాయి. అంతలో కరెంటు పోయింది.

"అయ్యో, పాయె! నా బోరు పాయె అమ్మా!" అని నారాయణప్ప తల పట్టుకున్నాడు.

తాడు ఒక్క అంగుళం జారలేదు. పక్కనున్న ఇనుప దిమ్మ దబ్బున కిందికి దిగి బ్రేకు పట్టేసింది.

"పోయింది కరెంటప్పా, బోరు కాదు. నువ్వు పోయి పురుగులకు మిగిలిన ఆకెయ్" అంది సరోజ నింపాదిగా.

వంగి దిమ్మను చూశాను. అది మా వైండింగ్ ఇంజను బ్రేకు. కరెంటు ఉన్నంతసేపు దిమ్మ పైనుంటుంది, పోతే తనంతట తనే పడి పట్టుకుంటుంది.

"ఇది మాది!" అన్నాను.

"మీదే. నాయన బొగ్గుతో ఇంటి గోడ మీద గీసి చెప్పేటోడు."

"మరి ఇది మన ఊళ్లో ఎందుకు పుట్టలేదు? మాకు తెలివి లేకనా?"

"ఎవురికి చేసిస్తావు పెదనాయనా? మన ఊళ్లో గిరాకీ ఒక్కటే, కంపెనీ. అది పోతే కొనేవాడే లేడు. ఈడ నీళ్లు పాతాళానికి పోయినాయి, కరెంటు చెప్పకుండా పోతాది, మోటార్లు ఇరుక్కుంటాయి. పక్కనే లేతు షాపులు ఉండాయి. మొదటి తాడు రైతులే కొనిచ్చినారు. ఈ కష్టం లేకుంటే ఈ బ్రేకు నాకెందుకు?"

నా గొంతులో ముల్లు ఆ తోటలో ఊడింది. తెలివి మా దగ్గరే ఉంది, దాన్ని అడిగేవాళ్లు మా ఊళ్లో లేరు.

కరెంటు వచ్చి మోటారు పైకి తేలాక నారాయణప్ప ఇల్లాలు రాగిసంగటి పెట్టింది. తింటూ అసలు సంగతి అడిగాను.

"పెడతా. మన ఊరికి దగ్గరుండే బేతమంగళం పక్క రైతులు ఫోన్ మీద ఫోన్ చేస్తా ఉండారు. త్రీఫేజు కరెంటు, ట్రాక్టరు తిరిగే వాకిలి ఉండే షెడ్డు చూపించు. ఆదివారం లోగా చెప్పల్ల. లేకుంటే ములబాగిలు వాళ్లకు మాటిచ్చేస్తా."

తిరుగు రైల్లో మునిస్వామినే తలచుకున్నాను. చేతిపని నేర్పిన గనికి దండం. దాన్ని బతికించిన కరువుకూ, ఆడపిల్ల అని చూడకుండా తాడు కొనిచ్చిన రైతులకూ దండం. మనిషి బుర్ర ఒక్కటే దేన్నీ పుట్టించదు. చుట్టూ ఉన్న అవసరం వచ్చి తలుపు తట్టాలి. బేతమంగళం వైపు నుంచి ఇప్పుడు తడుతోంది.

చూడడానికి వెళ్లేవాళ్లు పొలాలకు త్రీఫేజు ఏ పూట ఇస్తారో ముందురోజే అడిగి వెళ్లండి. లేకపోతే ఆగి ఉన్న డ్రమ్మును చూసి రావాలి. ఇక మా ఊరి పక్క ఆండర్సన్‌పేటలో ఖాళీ షెడ్లకు తాళం వేసుకుని కూర్చున్న యజమానులారా, ఇది మీకే. అద్దెకిస్తారా, ఇవ్వరా? శనివారం సాయంత్రం దీపాలు పెట్టేలోగా మారికుప్పం స్టేషను ముందున్న టీ కొట్టుకు వచ్చి నా ముఖం మీద చెప్పండి.