టెస్ట్ అనే పేరుతో వచ్చిన అలర్ట్

మదనపల్లెలో మా ఇంటి ముందు గదే నా ఆఫీసు. ఒక క్లౌడ్ కంపెనీ తరఫున, సెన్సర్లు పంపే అంకెలు చూస్తూ కస్టమర్ల మిషన్లు ఎలా నడుస్తున్నాయో కనిపెట్టుకుని ఉండటం నా పని. ఏ కొలత ఎంత దాటితే అలర్ట్ రావాలో, దానికి ఏం పేరు పెట్టాలో కస్టమర్లే నిర్ణయించుకుంటారు. వచ్చినవాటిని వడకట్టి, ఎవరికి చేరాల్సినవి వాళ్లకు పంపేది మా సాఫ్ట్‌వేర్. పేరులో టెస్ట్ అని ఉంటే మాత్రం ఎవరికీ పంపకుండా పక్కన పడేసేది.

ఆ మధ్యాహ్నం అలా పక్కన పడినవాటిని ఊరికే తిరగేస్తున్నాను. పుంగనూరు దగ్గరి పాల చిల్లింగ్ సెంటర్ నుంచి టెస్ట్ అంటూ వరసగా వచ్చి ఉన్నాయి. తెరిచి చూస్తే అమ్మోనియా, పాలను చల్లబరిచే మిషన్లలో ఉండే గ్యాసు. ఒక్కో అలర్ట్‌కీ అంకె కొంచెం కొంచెంగా పెరుగుతోంది. ఉత్త పరీక్షయితే అలా పెరగదు.

మా అక్క ఆ సెంటర్లోనే ప్యాకింగ్‌లో పని చేస్తుంది.

మేనేజరుకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. డ్యూటీలో అక్క ఫోను లాకర్లో ఉంటుందని తెలిసీ ఆమెకూ చేశాను. అది మోగి మోగి ఆగిపోయింది. చివరికి గేటు నంబరుకు చేస్తే, అక్కనూ నన్నూ ఎరిగిన వాచ్‌మన్ ఎత్తాడు.

"యాడుండావప్పా?"

"గేటుకాడ. యాలమ్మా?"

"లోపల గ్యాసు లీకవతాండాది. సైరన్ కొట్టు. నువ్వు మాత్రం లోపలికి పోవద్దు."

"ఈడ వాసనేమీ రాలేదే."

"గాలి అవతలికి తోలతాంటాది. కొట్టప్పా, నీకు దండం పెడతా."

అతను ఫోను కట్ చేయలేదు. సైరన్ వినిపించింది. తర్వాత పరుగులు, అరుపులు, ఎవరో ఆగకుండా దగ్గడం. ప్రతి ఆడగొంతులోనూ అక్క గొంతు వెతుక్కున్నాను.

చాలాసేపటికి అక్కే ఆ ఫోను అందుకుంది. "బయటే ఉండాను. కండ్లు మండతాండాయి, అంతే. నువ్వు ఏడ్సొద్దు."

ఏడుస్తున్నానని నాకు అప్పుడే తెలిసింది.

మిషన్ గదిలో ఉన్న ఆపరేటరును పుంగనూరు ఆసుపత్రిలో చూసి, అతని సొంతూరు కుప్పంలోని పెద్దాసుపత్రికి పంపారు. లేచి తిరగడానికి వారాలు పట్టింది, కానీ బతికాడు. సెన్సర్ బిగించిన రోజు సరిచూసుకోవడానికి ఆ పేరు పెట్టి, తర్వాత మార్చడం మరిచిపోయామని మేనేజరు చెప్పాడు.

పేరు చూసి పక్కన పడేసే పద్ధతిని మా వాళ్లతో పోట్లాడి తీసేయించాను. అలర్ట్‌లు ఎక్కువైపోయాయని టీంలో విసుక్కుంటారు. అక్క ఇప్పటికీ అక్కడికే పనికి పోతోంది. ఆమె డ్యూటీలో ఉన్నంతసేపూ నాకు కుర్చీలోంచి లేవాలంటే భయం.