రెండు మార్కుల వాన

జిరాక్స్ మిషన్లోంచి అప్పుడే వచ్చిన కాగితాల వేడి చేతికి తగిలితే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. ఈ ఉదయం కుప్పంలో, ఇంకో టీచరు చేతా దిద్దించడానికి మా బడి పిల్లల జవాబు పేపర్లకు తీయించిన జిరాక్సులు అందుకున్నప్పుడూ అంతే, రెడ్డెప్ప సార్ గుర్తొచ్చారు. పుంగనూరు బడిలో తెలుగు చెప్పి, నిరుడు రిటైరైన మనిషి. మార్కులు వేయడం నాకు ఆయనే నేర్పారు, అదీ ఆయన తప్పు బయటపడ్డ రోజున.

అప్పట్లో ఆయన, నేను, మదనపల్లె సులోచన మేడం, ముగ్గురు తెలుగు టీచర్లం, శనివారాల్లో మేడం వాళ్ల బడిలో కలిసేవాళ్లం. ఒకే జవాబుకు ఊరికో మార్కు పడుతోందని, ఎలాంటి జవాబుకు ఎన్ని వేయాలో తేల్చే పట్టిక ఒకటి తయారు చేద్దామని సార్ పట్టు. టీ తాగనిచ్చేవారు కాదు, 'బాగుంది' అంటే ఏమిటో చెప్పమని ప్రాణం తీసేవారు. మాకు విసుగొచ్చినా వెళ్లకుండా ఉండలేకపోయేవాళ్లం.

ఒక శనివారం ఆయన ఒక పేపరు జిరాక్స్ తీయించి, పేరూ మార్కూ కప్పేసి మా చేతిలో పెట్టారు. వాన గురించి సొంత మాటల్లో రాయమని ప్రశ్న. మిగతా పిల్లలంతా గైడులో ఉన్న 'ప్రాణకోటికి ఆధారం' దింపేసే ప్రశ్న అది. ఈ బిడ్డ మాత్రం ఇలా రాసింది: 'వాన వస్తాండాది అంటే మా నాయన తోటకాడికి పరిగెత్తుతాడు. టమోటాలు పగిలిపోతాయి. మా ఇంట్లో వానొస్తే ఎవురూ నవ్వరు.' నేను పదికి ఎనిమిది వేశాను. మేడం ఏడు.

సార్ మా అంకెలు చూసి బిగుసుకుపోయారు. తాను వేసింది రెండట. పట్టికలో అట్టడుగు వరసకు నమూనాగా చూపుదామని తెచ్చారట. మార్కుల విషయంలో మా ముగ్గురిలో ఆయనదే చివరి మాట. ఆ రెండు ఎవరు వేసినా నమ్మేదాన్ని, ఆయన వేశారంటే నమ్మలేకపోయాను.

"యాల అన్ని వేసినారమ్మా?" అని మెల్లగా కారణం అడిగారు. నేను ప్రశ్నలో 'సొంత మాటల్లో' అన్నచోట వేలు పెట్టాను. ఆయన జవాబు పైకి చదివారు. ఆయన నోట ఆ మాటలు ఇంట్లో మాటల్లా పలికాయి. చదువుతూ చదువుతూ 'వస్తాండాది' దగ్గర ఆగిపోయారు.

"నేను మాట్లాడే మాటనే నేను కొట్టేసినానే," అన్నారు.

బిడ్డ ఎవరని మేడం అడిగారు. రామసముద్రం వైపు పల్లె నుంచి బస్సులో వచ్చే అమ్మాయట. "తక్కువొచ్చిందని సాయంత్రం క్లాసులో కూర్చోబెట్టినానమ్మా. ఆఖరి బస్సు తప్పిపోతాండాదని వాళ్ల నాయన బడి మాన్పించినాడు." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

పట్టిక సగంలో వదిలేసి ఆయన అప్పుడే బస్సెక్కారు. ఆ తండ్రి ముందు నిలబడి తప్పు బిడ్డది కాదు, నాదని చెప్పారని తర్వాత తెలిసింది. అమ్మాయి మళ్లీ బడికొచ్చింది. పై శనివారం ఆ పట్టిక చార్టు మీద ఆయన మొదటి వరస తానే రాశారు: అడిగింది బిడ్డ చెప్పిందా, లేదా? యాస అనే మాట ఆ చార్టులో ఎక్కడా రాలేదు.

ఇవాళ కట్టలో పై పేపర్లోనే 'మా ఊరు కొండ కింద ఉండాది' అని ఉంది. ఎర్ర పెన్ను మూత తీయకుండా, పైకి చదివాను.